పిల్లల విభాగం పెట్టాలంటే గది ముందా, పుస్తకం ముందా, మనిషి ముందా?

గ్రంథాలయ వారోత్సవాలు ఏటా నవంబరు 14న, బాలల దినోత్సవం రోజున మొదలై 20తో ముగుస్తాయి. ఆ వారం శాఖా గ్రంథాలయం పిల్లలతో కిటకిటలాడుతుంది. చిత్రలేఖనం పోటీ, వ్యాసరచన, దేశభక్తి గీతాలు, ఆఖరి రోజు సభ, శాలువాలు, ఫొటోలు. 21వ తేదీ సాయంత్రం అదే గ్రంథాలయానికి వెళ్లి చూడండి. పేపరు చదువుకునే పెద్దవాళ్లు నలుగురైదుగురు, గ్రూప్స్‌కో డీఎస్సీకో చదువుకునే కుర్రాళ్లు ఓ పదిమంది కనిపిస్తారు. పిల్లల జాడే ఉండదు.

అందుకే "మా లైబ్రరీలో పిల్లల విభాగం పెడదామనుకుంటున్నాం, కాస్త డబ్బు వచ్చింది, దేనికి ఖర్చు పెట్టమంటారు?" అని ఎవరైనా అడిగితే నేను ముందు ఆ 21వ తేదీ సంగతే ఎత్తుతాను. డబ్బు దేనికి పెడితే, ఏ హడావుడీ లేని మామూలు సాయంత్రం ఒక మూడో తరగతి పిల్ల తనంతట తాను లోపలికి వస్తుంది? కింద ఉన్నవన్నీ ఈ ఒక్క ప్రశ్నతోనే పోల్చాను. శాఖా గ్రంథాలయంలో ఏళ్ల తరబడి పనిచేసినవాణ్ణి. ఇందులో కొన్ని తప్పు చేసి తెలుసుకున్నవే.

తాళం వేసిన బీరువా, తెరిచి ఉంచిన అర

పైసా ఖర్చు లేనిది ఇదే కాబట్టి ముందు ఇది చూద్దాం.

మా గ్రంథాలయంలో పిల్లల పుస్తకాలు అద్దాల బీరువాలో ఉండేవి. ఒకరోజు ఏడెనిమిదేళ్ల పిల్లవాడొకడు వచ్చి బీరువా ముందు నిలబడ్డాడు. ముక్కు అద్దానికి ఆనించి చూస్తున్నాడు. ఊపిరి తగిలి అద్దం మసకబారితే చొక్కా అంచుతో తుడిచి మళ్లీ చూస్తున్నాడు. కింది అరలో ఏనుగు బొమ్మ ఉన్న పుస్తకం కావాలట. తాళంచెవి మా అటెండరు జేబులో ఉంది, అటెండరు టీకి వెళ్లాడు. "కూర్చో బాబూ, వచ్చేస్తాడు" అన్నాను. ఇష్యూ రిజిస్టర్లో నాలుగు పేర్లు ఎక్కించి తలెత్తేసరికి పిల్లవాడు లేడు. అటెండరు వచ్చి తాళం తీశాడు కూడా. పుస్తకం తీసి ఎవరికివ్వాలి?

తాళం వేసేది నిర్లక్ష్యంతో కాదు, భయంతో. పుస్తకం పోతే స్టాకు తనిఖీలో తేలుతుంది, జీతంలో కోత పడుతుందేమోనని టెన్షన్. కేంద్ర ప్రభుత్వ గ్రంథాలయాలకు వర్తించే జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, 2017లో దీని గురించి ఒక వెసులుబాటు ఉంది. ఏడాదిలో పాఠకుల చేతికి వెళ్లిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోవడం మామూలే అంటాయి ఆ నిబంధనలు. మోసమో అశ్రద్ధో ఉండకూడదు, అంతే. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకాలకూ అరుదైన వాటికీ మాత్రం విచారణ తప్పదు. మన జిల్లా గ్రంథాలయ సంస్థలు రాష్ట్రాల చట్టం కింద నడుస్తాయి కనుక ఆ రూల్సు మనకు నేరుగా వర్తించవు. కానీ పైవాళ్ల ముందు పెట్టి "ఈ మాత్రం వెసులుబాటు మాకూ రాసివ్వండి" అని అడగడానికి మంచి ఆధారం. నోటిమాటతో సరిపెట్టుకోకండి, కాగితం మీద తెచ్చుకోండి. నోటిమాట ఇచ్చినాయన బదిలీ అయిపోతాడు.

పుస్తకాలున్నది వాడుకోవడానికే అన్నది మన గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడైన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో చెప్పిన ఐదు సూత్రాల్లో మొదటిది. లైబ్రేరియన్లందరం దాన్ని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుని, ఉద్యోగంలో చేరగానే తాళాలు కొన్నవాళ్లమే.

తెరిచిన అరల్లో ఇబ్బందులు లేవని కాదు. పుస్తకాలు కలగాపులగం అవుతాయి, చిరుగుతాయి, ఒకటీ అరా చొక్కాలో దూరి ఇంటికి వెళ్లిపోతాయి. పలుచని బొమ్మల పుస్తకం రెండు మూడేళ్లలో నలిగిపోతే దాన్ని నష్టం అనను. ఏళ్లు గడిచినా కొత్తగా మెరుస్తున్న పుస్తకమే నా లెక్కలో నష్టం. చిరిగినదాన్ని సెలోటేపుతో అతికించకండి, కొన్నాళ్లకు పసుపురంగుకు తిరిగి కాగితాన్ని తినేస్తుంది. పలుచని తెల్ల కాగితం, మైదా జిగురు చాలు. బైండింగ్ చేసేవాళ్లు పురుగు పట్టకుండా ఆ జిగురులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, చిన్నపిల్లలు పుస్తకం నోట్లో పెట్టుకుంటారు. కాబట్టి పిల్లల పుస్తకాలకు తుత్తం వేయొద్దని ముందే చెప్పండి.

ఇంకో చిన్న విషయం. పలుచని పుస్తకాన్ని నిలువుగా దూరిస్తే వీపు మీద పేరే కనపడదు, పిల్లలకు అట్ట మీది బొమ్మ కనపడాలి. గోడకు రెండు మేకులు కొట్టి నైలాన్ తాడు కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీయండి. లేదా దర్జీ దగ్గర మందపాటి గుడ్డకు వరసగా జేబులు కుట్టించండి. గుడ్డే మేలు. తాడు మీద బరువు పుస్తకాలు నిలవవు, ఫ్యాను వేస్తే రాలిపడతాయి. పై వరస నాలుగడుగులు మించకూడదు.

ప్రత్యేక గదా, ఒక మూలా?

దాతలకు గది అంటే ఇష్టం, పేరు చెక్కించుకోవచ్చు. పైగా చెన్నైలో 2010లో తెరిచిన అన్నా శతజయంతి గ్రంథాలయం చూసొచ్చినవాళ్లు అక్కడి పిల్లల విభాగంలో ఉన్న కృత్రిమ చెట్టు గురించి చెప్పకుండా ఉండలేరు. చెట్టు బాగుంటుంది, కాదనను. అది అంతస్తులకు అంతస్తులున్న రాష్ట్ర స్థాయి గ్రంథాలయం, సిబ్బంది కూడా ఆ మేరకు ఉంటారు. మీ శాఖా గ్రంథాలయంలో ఉన్నది ఒక లైబ్రేరియను, ఒక అటెండరు. కొన్నిచోట్ల ఆ ఒక్కరే రెండు శాఖలు చూసుకుంటున్నారు. ఇలాంటి చోట వేరే గది కడితే దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి ఉండడు. మనిషి లేడని గదికి తాళం పడుతుంది. బీరువా తాళం పెద్దదై గది తాళం అయిందన్నమాట.

మూలకున్న ఇబ్బంది వేరు. పిల్లలు గట్టిగా చదువుతారు, నవ్వుతారు, పక్కన పరీక్షకు చదివే కుర్రాడు చిరాకుపడతాడు. అతని చిరాకులో న్యాయం ఉంది, నోటిఫికేషను కోసం ఏళ్లు ధారపోస్తున్నాడు. ఈ తగాదాను గోడతో కంటే గడియారంతో తీర్చడం తేలిక. వారంలో ఫలానా రెండు పూటలు పిల్లలవి, అప్పుడు సందడి ఉంటుంది అని బోర్డు మీద రాసి పెడితే పెద్ద పాఠకులు సర్దుకుంటారు. మా దగ్గర ఒకరిద్దరు ఆ పూట వచ్చి లెక్కల పజిల్సు కూడా చెప్పిపోయేవారు.

నా ఓటు మూలకే. అది గుమ్మానికి దగ్గరగా, మీ కుర్చీలోంచి కనపడేలా, రీడింగ్ హాలుకు దూరంగా ఉండాలి. వరండా ఉంటే ఇంకా మంచిది. బల్లలు కొనకండి, చాపలు చాలు. సిబ్బంది ఇద్దరు ముగ్గురు ఉండి, ఒకరికి పిల్లల పని రాతపూర్వకంగా అప్పగించిన చోట గది గురించి ఆలోచించవచ్చు.

గదికి పెట్టే డబ్బులో పదో వంతు మరుగుదొడ్డికి పెట్టండి. ఆడపిల్లలు రావడం మానేసిన చోట ముందు చూడాల్సింది పుస్తకాల జాబితా కాదు. మరుగుదొడ్డికి గడియ ఉందా, వీధి దీపం వెలుగుతోందా, ఆరున్నరకు ఇంటికి ఒంటరిగా నడిచి వెళ్లగలరా అన్నవే. చక్రాల కుర్చీ పిల్లకు మెట్ల పక్కన ఏటవాలు దారి కూడా ఈ లెక్కలోనిదే.

పుస్తకాలా, ట్యాబ్‌లా?

ఇందులో ఎక్కువసేపు తేల్చుకోవాల్సింది లేదు. పలుచని బొమ్మల పుస్తకం వంద రూపాయల లోపే దొరుకుతోంది. పది వేల ట్యాబ్ ఒకటి మానుకుంటే వందకు పైగా పుస్తకాలు వస్తాయి, అవి ఒకేసారి వందమంది చేతుల్లో ఉండగలవు. ట్యాబ్‌కు చార్జింగు, నెట్, పాస్‌వర్డు కావాలి, దాన్ని దాచడానికి మళ్లీ బీరువా కావాలి. ఓ దాత ఇచ్చిన ట్యాబ్‌లు వారంటీ తీరేదాకా పెట్టెల్లోనే ఉన్న సంగతి నాకు తెలుసు. ఫొటో తీయించుకోవడానికి ఒక్కసారి బయటికొచ్చాయి.

అయితే డిజిటల్‌కు ఒక మంచి వాడకం ఉంది. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్ల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా చదువుకోవచ్చు, దించుకోవచ్చు, రాసినవాళ్ల, బొమ్మలేసినవాళ్ల పేర్లు పేర్కొని అచ్చు కూడా వేసుకోవచ్చు. గ్రంథాలయంలో టీవీ ఉంటే దానికి ఒక్క ఫోను కలిపి, బొమ్మలు పెద్దగా చూపిస్తూ పాతికమందికి ఒకేసారి కథ చదవొచ్చు. పాతిక ట్యాబ్‌లు చెయ్యని పని అది. ప్రతి పిల్లా తన తెర చూసుకోవడం వేరు, అందరూ ఒకే ఏనుగును చూసి ఒకేసారి నవ్వడం వేరు.

ఇక ఏ పుస్తకాలు? ఇక్కడే చాలామంది పొరబడతారు. వయసు చూసి కొంటారు. ఇంగ్లీషు మీడియంలో ఐదో తరగతి చదివే పిల్లవాడు తెలుగు గుణింతాలు కూడబలుక్కుంటుంటాడు. వాడి చేతిలో ఐదో తరగతి స్థాయి తెలుగు నవల పెడితే రెండో పేజీలో మూసేస్తాడు. "5–7 ఏళ్లవారికి" అని రాసిన అరలోంచి తీసుకోవాలంటే పదేళ్లవాడికి నామోషీ. కాబట్టి వయసు రాయకండి, చదివే స్థాయిని బట్టి వీపు మీద రంగు టేపు అతికించండి. స్టోరీవీవర్ వాడే కొలత పనికొస్తుంది. మొదటి స్థాయి కథ సుమారు 250 మాటల లోపు, రెండోది 600 వరకు, మూడోది 1500 వరకు, నాలుగోది ఆపైన. నాలుగు రంగులు చాలు. పిల్లలకు ఏ రంగు దేనికో చెప్పకపోయినా రెండు వారాల్లో వాళ్లే కనిపెడతారు. కొత్తగా చదువుతున్నవాళ్లకు మొదటి రెండు రంగుల్లోనే సగం పుస్తకాలుండాలి. ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు ఉన్నవీ కొన్ని కొనండి. "ఇంగ్లీషు వస్తుందిలే" అని తల్లిదండ్రులు పంపుతారు, పిల్లలు రెండూ చదువుతారు.

ఎక్కడ కొనాలంటే, ప్రథమ్ బుక్స్, తూలిక, నేషనల్ బుక్ ట్రస్ట్, 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థల జాబితాలు ముందేసుకోండి. సన్న అక్షరాలతో, కథకూ బొమ్మకూ పొంతన లేకుండా సెట్లుగా వచ్చే నీతికథలు తూకానికి చౌక, అంతే. జిల్లా గ్రంథాలయ సంస్థ నుంచి జాబితా ప్రకారం వచ్చే పుస్తకాల మీద మన మాట పెద్దగా చెల్లదు. కాబట్టి చేతికొచ్చిన విరాళంతోనైనా పుస్తకం తెరిచి చూసి కొనండి. వీలైతే ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లండి. అన్నీ ఒక్కో కాపీ కొనడమా, కొన్నే రెండు మూడు కాపీలు కొనడమా అంటే ముందు ఒక్కోటే కొనండి. ఆర్నెల్ల తర్వాత ఏవి నలిగాయో చూసి వాటికి ఇంకో రెండు కాపీలు తెప్పించండి.

విరాళంగా వచ్చే పాత పుస్తకాల గురించి మొహమాటపడకండి. ఇల్లు మారుతున్నవాళ్లు పదేళ్ల కిందటి ఎంసెట్ గైడ్లు, అట్టలూడిన డైరీలు మూటగట్టి తెచ్చి "పిల్లలకు పనికొస్తాయి" అంటారు. "మాకు కావలసినవి ఇవండీ" అని జాబితా చేతిలో పెడితే పదిమందిలో ఇద్దరైనా కొనిపెడతారు.

వేసవి శిబిరమా, వారం వారం కథల గంటా?

వేసవి విజ్ఞాన శిబిరం వల్ల మేలుంది. బడులుండవు, తల్లులు పనులకు వెళ్తారు, పిల్లలు రోజూ వస్తారు. కథలు, బొమ్మలు, చదరంగం, స్పోకెన్ ఇంగ్లీషు, కాగితాల పనులు. చాలామంది పిల్లలు గ్రంథాలయం లోపల ఎలా ఉంటుందో చూసేది అప్పుడే. జూన్‌లో బడులు తెరవగానే వాళ్లు మాయమవుతారు. శిబిరం చివరి రోజున "వచ్చే ఆదివారం పదింటికి కథ ఉంది, రండి" అని చెప్పగలిగితేనే శిబిరానికి పెట్టిన శ్రమ నిలుస్తుంది. అలా పిలవడానికి ఆదివారం కథ అనేది ఒకటి ఉండాలి కదా. కాబట్టి రెండింట్లో ఒకటే చెయ్యగల శక్తి ఉంటే కథల గంట చెయ్యండి. రెండూ చెయ్యగలిగితే కథల గంట ముందు మొదలుపెట్టి, శిబిరాన్ని దానికి గుమ్మంగా వాడుకోండి.

వేళ దగ్గర నేను దెబ్బతిన్నాను. మొదట బుధవారం సాయంత్రం ఐదింటికి పెట్టాను. మొదటి వారం పదిహేనుమంది వచ్చారు, మూడో వారం నలుగురు, ఐదో వారం మా అటెండరు కూతురొక్కతే. కథలు బాగాలేవేమోనని కుమిలిపోయాను. ఆ పిల్లే చెప్పింది, "అందరికీ ట్యూషనండీ అంకుల్" అని. ఆదివారం ఉదయానికి మార్చాక నిలబడింది. మీ ఊళ్లో ఏ వేళ కుదురుతుందో పిల్లల్నే అడగండి, పెద్దల్ని కాదు. ఒకసారి వేళ పెట్టాక ఒక్క వారం కూడా మానకండి. తాళం చూసి వెనక్కి వెళ్లిన పిల్ల మళ్లీ రావడం కష్టం.

కథ ఎవరు చెప్పాలి? టీచర్లు క్రమశిక్షణగా చెబుతారు గానీ చివర్లో "ఈ కథలో నీతి ఏమిటి?" అని అడక్కుండా ఉండలేరు. ఆ ప్రశ్నతో ఆదివారం కాస్తా సోమవారం అయిపోతుంది. డిగ్రీ కుర్రాళ్లు హుషారుగా చేస్తారు, పరీక్షలొస్తే కనపడరు. నాకు బాగా కలిసొచ్చింది వీధిలోని అమ్మమ్మలు, నాయనమ్మలు. పుస్తకం చూసి చదవలేనివాళ్లు కూడా గంటసేపు కూర్చోబెట్టగలరు. పేదరాశి పెద్దమ్మ కథ ఒకటి ఎత్తుకుంటే చాలు, పిల్లలు మోకాళ్ల మీద ముందుకు జరుగుతారు. అమ్మమ్మ కథ చెప్పాక లైబ్రేరియను ఒక బొమ్మల పుస్తకం తెరిచి చదవాలి. లేకపోతే పిల్లల్ని పుస్తకం దాకా తీసుకొచ్చి గుమ్మంలోనే వదిలేసినట్టు. ఎవరు చెప్పినా తలుపు తెరిచే ఉండాలి, పెద్దవాళ్లు ఇద్దరుండాలి. పిల్లల ఫొటోలు అమ్మానాన్నల అనుమతి లేకుండా ఎక్కడా పెట్టకూడదు.

పిల్లలు రావాలా, పుస్తకం వెళ్లాలా?

మనవాళ్లు ఈ ప్రశ్నకు ఎప్పుడో జవాబిచ్చారు. 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారి చొరవతో అప్పటి గుంటూరు జిల్లాలోని కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిచింది. రోడ్లు సరిగా లేని రోజుల్లో ఊళ్లకు పుస్తకం కాలువ మీద వెళ్లింది.

ఇవాళ పడవ అక్కర్లేదు, ఆటోలో పట్టే రేకు పెట్టె చాలు. నలభై పుస్తకాలు వేసి బడికి పంపి, నెలకోసారి మార్చడం. బడి గ్రంథాలయానికి దూరంగా ఉన్నా, మధ్యలో హైవే దాటాల్సి వచ్చినా పెట్టె పంపడమే సరైనది, ఇక ఆలోచించక్కర్లేదు. బడి నాలుగు అడుగుల్లోనే ఉంటే మాత్రం పిల్లల్నే రప్పించండి. వారానికో పీరియడ్ టీచరుతో కలిసి తరగతి మొత్తం రావచ్చు. బోలెడు పుస్తకాల్లోంచి తనకు కావలసింది ఏరుకునే ఆనందం నలభై పుస్తకాల పెట్టెలో ఉండదు. పెట్టె పంపేటప్పుడు హెడ్మాస్టరుకు "పోతే మాదే బాధ్యత, తాళం వేయకండి" అని ఒక కాగితం రాసివ్వండి. లేకపోతే పెట్టె ఆఫీసు గదిలో అటెండెన్సు రిజిస్టర్ల కింద చేరుతుంది.

సభ్యత్వం డిపాజిట్ విషయంలో పిల్లలకు మినహాయింపు అడిగి చూడండి. కుదరకపోతే తల్లిదండ్రుల కార్డు మీద ఇవ్వండి, అదీ కుదరకపోతే డిపాజిట్లు కట్టే దాతను వెతకండి. గదికి దాత దొరికిన ఊళ్లో దీనికి దొరకడా?

యాభై వేలు చేతికొస్తే

డబ్బు దారుల గురించి క్లుప్తంగా. మన గ్రంథాలయాలకు అసలు ఆధారం 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే సెస్సు. అది స్థానిక సంస్థల నుంచి చేరడంలో ఆలస్యాలు కొత్త కాదు, దాన్ని నమ్ముకుని తేదీలు ప్రకటించకండి. కోల్‌కతాలోని రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ సంస్థకు పిల్లల విభాగాల కోసం సాయం చేసే పథకం ఉంది, పై అధికారుల ద్వారా దరఖాస్తు పెట్టుకోవాలి.

యాభై వేలు వస్తే నేనైతే ఇలా పంచుతాను. పుస్తకాలకు 25 వేలు. పొట్టి ర్యాకులు, జేబుల గుడ్డ, చాపలకు 10 వేలు. ఫ్యాను, లైటు, మంచినీళ్లు, మరుగుదొడ్డి మరమ్మతుకు 5 వేలు. కథ చెప్పడానికి వచ్చేవాళ్లకు వారానికి వంద చొప్పున ఆటో చార్జీలకు ఏడాదికి 5 వేలు. మిగిలిన 5 వేలు ముట్టుకోకుండా ఆర్నెల్లు ఆపుతాను, నలిగిన పుస్తకాలకు రెండో కాపీ కొనడానికి. కమిటీలో అందరికంటే గట్టిగా అభ్యంతరం వచ్చేది ఆటో చార్జీల మీదే. "కథ చెప్పడానికి డబ్బులేంటండీ" అంటారు. గట్టిగా నిలబడండి. యాభై ఆదివారాలు తలుపు తెరిపించేది ఆ ఐదు వేలే.

ఎంతమంది వచ్చారన్న అంకె పైవాళ్లు అడుగుతారు, ఇవ్వండి. మీ కోసం మాత్రం వేరే లెక్క రాసుకోండి. పోయిన నెల వచ్చినవాళ్లలో ఈ నెల మళ్లీ ఎంతమంది వచ్చారన్నది ఒకటి. పిల్లలు అడిగితే మన దగ్గర లేని పుస్తకాలు ఏవన్నది ఇంకొకటి. నేను దీనికి ఒక వంద పేజీల నోట్‌బుక్ బల్ల మీద దారంతో కట్టి ఉంచాను, పెన్సిలుతో సహా. పిల్లలే రాసేవారు. "డైనోసార్లు", "దెయ్యాలవి, కానీ ఎక్కువ భయం వేయనివి", "మా చెల్లికి ఏదైనా". బదిలీ అయినప్పుడు చార్జి అప్పగించే జాబితాలో ఆ నోట్‌బుక్‌ను కూడా చేర్చి, నా తర్వాత వచ్చినాయనతో సంతకం పెట్టించుకున్నాను. బీరువా తాళంచెవి అప్పటికే ఎక్కడో పోయింది, జాబితాలో దాని ఎదురుగా "లేదు" అని రాశాం.